అమ్మకొక సంఘం

2024 ఆగస్టు 7, బుధవారం

డయాలసిస్ రోజు. ఆటోలో అమ్మ అడిగింది, నాకు బాప్తిస్మం ఎప్పుడిప్పిత్తావే అని. మార్కెట్లో వంకాయలెంత అని అడిగినట్టే అడిగింది. డ్రైవరు అద్దంలోంచి మా ఇద్దర్నీ చూశాడు. ఇంటికెళ్ళాక మాట్లాడదాం అన్నాను. ఇంటికొచ్చాక నేనే మాట్లాడలేదు.

అమ్మకి అరవై ఆరు. కిడ్నీలు రెండూ పోయాయి. సోమ, బుధ, శుక్రవారాలు నాలుగేసి గంటలు మిషను మీద పడుకోవాలి. మెడ దగ్గర పైపు పెట్టారు. దాన్ని తడపొద్దని డాక్టరు ప్రతిసారీ చెబుతాడు. నాలుగు నెలలుగా అమ్మకి తలస్నానం లేదు. కిడ్నీలు పోయినందుకన్నా దానికే ఎక్కువ బాధపడుతుంది.

ఆగస్టు 8, గురువారం

అమ్మ పేరు దేముడమ్మ. చోడవరం దగ్గర పల్లెలో రైతుల ఇంట పుట్టింది. అక్షరం ముక్క రాదు. నాన్న పోర్టులో ఖలాసీగా రిటైరై ఆరేళ్ళ కిందట పోయాడు.

నాలుగేళ్ళ కిందట నా భర్త గోపిని వదిలేసి నేను అమ్మ దగ్గరికి వచ్చేశాను. షిప్పింగ్ ఏజెంటు ఆఫీసులో ఉద్యోగం. పొద్దున్నే ఆరింటికి బైబిలు వాక్యం పైకి చదువుకోవడం నా అలవాటు. అమ్మ పక్కన కూర్చుని బియ్యం ఏరుకునేది. మొదటి ఏడాది ఏమీ అనలేదు. రెండో ఏడాది నేను మధ్యలో ఆపితే తరవాతేటయ్యింది అని అడిగేది. మూడో ఏడాది దీపం పెట్టడం మానేసింది. నేను మానమనలేదు.

అమ్మ ఏ మీటింగుకీ వెళ్ళలేదు. ఏ పాస్టరునీ చూడలేదు. అమ్మకి తెలిసిన దేవుడు మొత్తం నా నోట్లోంచి వచ్చినవాడే. నాకు ఆ విషయం చాలా గర్వంగా ఉండేది. ఇప్పటికీ ఉంది.

ఆగస్టు 11, ఆదివారం

మళ్ళీ అడిగింది. బాప్తిస్మం అంటే ఏదో ఒక చర్చి సంఘంలో చేరాలి. సంఘం ఎందుకమ్మా, నమ్మకం నీ లోపల ఉంటే చాలు అన్నాను. యేసు పక్కన సిలువ మీద రక్షణ పొందిన దొంగ ఏ సంఘంలో ఉన్నాడు అన్నాను. నాకు ఈ వాదన బాగా వచ్చు. నాలుగేళ్ళుగా నాతో నేనే చేసుకుంటున్నాను.

అమ్మ అంతా విని, మీ నాన్న ముప్పై ఏళ్ళు పోర్టులో పన్జేసేడు, పాసు లేకండా ఒక్కరోజు గేటు దాటనిచ్చేరేటి అంది. దేవుడు గేటు దగ్గర సెక్యూరిటీవాడు కాదమ్మా అన్నాను. సరేలే, సదువుకున్నదానివి అంది. కాసేపటికి మళ్ళీ తనే, నాను సచ్చిపోతే ఎవుల మనిసినంటారే, గుడికీ ఎల్లక, సంగానికీ ఎల్లక అంది.

ఆ తర్వాత వంకాయ కూర బాగుందంది. నాకు తినబుద్ధి కాలేదు.

ఆగస్టు 14, బుధవారం

రాస్తే తగ్గుతుందేమో. అమ్మకి చెప్పని సంగతి ఇది.

పూర్ణా మార్కెట్ వెనక సందులో రేకుల షెడ్డుగా మొదలైన సంఘం మాది. ఇప్పుడు రెండంతస్తులు. పాస్టరు పోలిరాజు అయ్యగారే నాకు బాప్తిస్మం ఇచ్చారు. గోపితో పెళ్ళి చేసిందీ ఆయనే. గోపి అక్కడ కీబోర్డు వాయిస్తాడు. చాలా బాగా వాయిస్తాడు. అవే చేతులతో నన్ను కొట్టేవాడు, కనిపించని చోట చూసుకుని. పెద్దలకి చెప్పాను. ఓర్చుకోమ్మా, ప్రార్థన చెయ్యి, ఇంటికెళ్ళు అన్నారు. రెండుసార్లు వెళ్ళాను. మూడోసారి అమ్మ ఇంటికి వచ్చేశాను.

మా దగ్గర నెలకి మొదటి ఆదివారం బల్ల. రొట్టె, ద్రాక్షరసం పంచుతారు. నేను వచ్చేసిన నెల ఆ ఆదివారం నా పేరు మైకులో చదివి, భర్తకు లోబడలేదు కాబట్టి బల్లకి దూరం పెడుతున్నాం అన్నారు. హిమబిందు అని ఇంటిపేరుతో సహా చదివారు. నేను వెనక బెంచీలో ఉన్నాను. రొట్టె పళ్ళెం నన్ను దాటి పక్కావిడకి వెళ్ళింది. గోపి పాట అందుకున్నాడు.

ఆ తర్వాత ఆ సందులోకి వెళ్ళలేదు. వాక్యం మానలేదు. దేవుడితో నాకే పేచీ లేదు. ఆయన ఆఫీసుతోనే.

ఆగస్టు 18, ఆదివారం

అమ్మ కోసం సంఘానికి వెళ్ళాను. అడిగి వస్తానని చెప్పి బయల్దేరాను. ఎదురుగా టీ కొట్టు దగ్గర గంట నిలబడ్డాను. లోపల పాట. కీబోర్డు వినిపించింది. తిరిగొచ్చేశాను.

అమ్మ తల దువ్వుకుని గుమ్మంలో కూర్చుని ఉంది. ఏటన్నారే అంది. ఆ మొహం చూసి నిజం చెప్పలేకపోయాను. మెడలో పైపు ఉంది కాబట్టి నీళ్ళలో ముంచక్కర్లేదన్నారు, విశ్వాసి ఎవరైనా ఇంట్లోనే ఇవ్వొచ్చన్నారు, నీ పేరు సంఘం పుస్తకంలో రాసేసుకున్నారు అన్నాను. మూడు అబద్ధాలు ఒకే ఊపిరిలో చెప్పాను.

ఆగస్టు 20, మంగళవారం

పొద్దున ఆరింటికి వెనక వరండాలో అంట్లు తోముకునే గట్టు పక్కన పీట వేశాను. అమ్మ తెల్లచీర కట్టుకుంది. బొట్టు తనే తడి కొంగుతో తుడిచేసుకుంది. నాన్న పోయినప్పుడు కూడా బొట్టు తియ్యనని మొండికేసిన మనిషి. మెడ చుట్టూ ప్లాస్టిక్ కవరు, దాని మీద తువ్వాలు చుట్టాను. చెంబులోంచి చేత్తో తీసి నుదుటి మీద మూడుసార్లు నీళ్ళు పోశాను. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ పేరు చెప్పాను.

అయిపోయిందా, ఇంతేనేటి అంది. ఇంతే అన్నాను. నవ్వింది. తుడవబోతే చెయ్యి పట్టుకుంది, ఉండనీ అంది. పది నిమిషాలు కళ్ళు మూసుకుని కూర్చుంది. గడ్డం మీంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

ఆగస్టు 21, బుధవారం

ఎంత మందికి చెప్పిందో తెలీదు. డయాలసిస్ వార్డంతా, నాను సంగంలో కలిసేను అని చెప్పింది.

సెప్టెంబరు 5, గురువారం

సంఘంలో ఎవరికైనా జబ్బు చేస్తే గురువారం నాలుగింటికి ఆడవాళ్ళు ఇంటికొచ్చి ప్రార్థన చేస్తారు. ఎప్పుడో మాటల్లో నేనే చెప్పాను. అమ్మ గుర్తుపెట్టుకుంది.

ఆఫీసు నుంచి వచ్చేసరికి ముందుగదిలో నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. కింద ఇంటివాళ్ళని అడిగి తెచ్చిందట. పళ్ళెంలో బిస్కెట్లు. ఎవులూ రానేదే అంది. గత వారం కూడా వేసిందట, నాకు చెప్పలేదు. కొత్తదాన్ని కదా, నా ఇల్లు తెలవదేమో అంది.

సెప్టెంబరు 7, శనివారం

వినాయక చవితి. ఎదురింటి అప్పాయమ్మ పిన్ని ఉండ్రాళ్ళు తెచ్చింది. ముప్పై ఏళ్ళ స్నేహం. అమ్మకి తలస్నానం లేదని రోజూ సాయంత్రం వచ్చి, తడిగుడ్డతో తల తుడిచి, చిక్కు తీసి జడ వేసి పోయేది ఆవిడే.

అమ్మ గిన్నె ముట్టుకోలేదు. నాకొద్దే అప్పాయమ్మా, నానిప్పుడు సంగం మనిసిని అంది. పిన్ని వేళాకోళం అనుకుని నవ్వింది. తర్వాత బొట్టు లేని నుదురు చూసింది. గిన్నె తీసుకుని వెళ్ళిపోయింది.

ఎందుకలా అన్నావమ్మా అని అరిచాను. నా ఇంట్లో ఇలాటియి తింటన్నానని సంగం వాల్లకి తెలిసుంటాది, అందుకే రాలేదు అంది. స్టీల్‌ప్లాంటులో పనిచేసే మా అన్నయ్య శ్రీనివాసరావు సాయంత్రం వచ్చి బొట్టు సంగతి అడిగాడు. అమ్మ మందుల వేళయిందని లోపలికెళ్ళింది.

సెప్టెంబరు 8, ఆదివారం

పిన్ని రాలేదు. జడ నేను వేశాను. నాకు సరిగ్గా రాలేదు.

అక్టోబరు 3, గురువారం

ఆరు గురువారాలు. కుర్చీలు వేస్తోంది, తీస్తోంది. గోడకున్న దేవుళ్ళ పటాలు దించి మంచం కింద పెట్టింది. నాన్న ఫొటోకి దండ తీసేసింది. నాలో ఏటి తప్పుందో అయ్యగార్నడిగి రాయే, దిద్దుకుంటాను అంది.

తప్పు నాదమ్మా అని చెప్పడానికి నోరు తెరిచాను. టీ పెట్టనా అన్నాను. ఇంత పిరికిదాన్నని నాకు తెలీదు.

అక్టోబరు 10, గురువారం, రాత్రి తొమ్మిది

అయ్యగారి భార్య కుసుమకుమారి అమ్మగారికి మొన్న ఫోను చేశాను. నాలుగేళ్ళ తర్వాత. మా అమ్మ జబ్బుగా ఉంది, ప్రభువుని నమ్ముకుంది, ఒక్కసారి వచ్చి ప్రార్థన చెయ్యండి అన్నాను. మిగతాది చెప్పలేదు. ఒక్కసారి కనబడితే అమ్మకి చాలు అనుకున్నాను.

ఇవాళ నాలుగింటికి ముగ్గురొచ్చారు. పాట పాడారు. అమ్మగారు అమ్మ తల మీద చెయ్యి పెట్టి చాలాసేపు ప్రార్థించారు. అమ్మ మొహం నేనెప్పుడూ చూడనట్టుగా ఉంది. టీలు తాగారు. లేవబోతుంటే అమ్మ అడిగింది, పొత్తకంలో నా పేరు పైన రాసేరా కింద రాసేరా అమ్మగారూ అని.

ఆవిడ నా వైపు చూశారు. అబద్ధం చెప్పే మనిషి కాదు. నీ పేరు మా దగ్గర లేదమ్మా, ఎవరు చెప్పారు అన్నారు.

ఎవరు చెప్పారో అమ్మ చెప్పలేదు. నానే ఏదో అనుకున్నానమ్మా, పెద్దదాన్నయిపోయేను కదా అంది. గుమ్మం దాకా వెళ్ళి సాగనంపింది. కుర్చీలు ఒకదాంట్లో ఒకటి పెట్టింది. రాత్రి అన్నం పెడితే తింది.

అక్టోబరు 11, శుక్రవారం

పొద్దున వాక్యం తెరిచాను. అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

ఇన్నాల్లూ నువ్వు సదివింది కూడా నిజిమేనేటి అంది. నాకు అచ్చరం రాదు. నువ్వు సెప్పిందే ఇన్నాను. ఇందల రాసుందేదో, నీ నోటిదేదో నాకెలగ తెలుస్తాది అంది.

కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది. రాసి ఉంది, ఒట్టు అంటే ఆ ఒట్టూ నాదే కదా.

సంఘం అక్కర్లేదని నాలుగేళ్ళు వాదించాను. అమ్మకి సంఘం ఉంది. అది నేనొక్కదాన్నే. ఆ సంఘం అబద్ధమాడింది. అది తప్పని చెప్పడానికి పక్కన ఇంకెవరూ లేరు.

అక్టోబరు 14, సోమవారం

పొద్దున్నే చదవడం లేదు. ఆరింటికి ఇద్దరం చెరో గదిలో కూర్చుంటున్నాం.

అక్టోబరు 25, శుక్రవారం

డయాలసిస్ టెక్నీషియన్ నిఖిత నన్ను పక్కకి పిలిచింది. భీమిలి నుంచి తొలి బస్సుకి వచ్చే పిల్ల. క్రిస్టియన్ కాదు. నేను చదివితే తప్పేమైనా ఉందా మేడమ్ అని భయంగా అడిగింది. అమ్మ రెండు వారాలుగా పుస్తకం తువ్వాల్లో చుట్టి తెస్తోందట. మిషను మీద పడుకుని ముందు కథంతా తను చెబుతుందట. ఇప్పుడు సదువు, ఇలగే ఉందో లేదో సూడు అంటుందట. చాలా వరకూ అలాగే ఉంటోంది మేడమ్, ఆవిడకి ఎంత జ్ఞాపకమో అంది.

ఇంటికొచ్చాక అమ్మ తనే మాట్లాడింది. అన్నీ రాసున్నాయి అంది. ఒక్కమాట నాకెప్పుడూ సదవలేదు నువ్వు అంది. విశ్వాసులంతా ఒకచోట కూడుకోవడం మానెయ్యొద్దని, కొందరు మానేశారు మీరు మానొద్దని ఉన్న మాట.

నిజమే. అక్కడికి రాగానే నా నాలుక కింది వాక్యం మీదకి దూకేది. నాలుగేళ్ళూ అంతే. ఎవరికీ తెలీదనుకున్నాను. ఏడ్చాను. అబద్ధాలన్నీ వరసగా చెప్పేశాను, గోపి సంగతి, మైకు సంగతి కూడా. అమ్మ నా వీపు మీద చెయ్యి వేసింది. ఆ బాధ నీది, కానీ ఆ మాట నాది కదే, నాకియ్యాల కదా అంది.

తర్వాత అంది, నన్ను తీసుకెల్లు. నీల్లల్లో ముంచమను. నీ ఒక్కదాని మీద ఆనుకుని పోలేను.

అక్టోబరు 26, శనివారం

డాక్టరుని కలిశాం. పైపులోకి నీళ్ళు పోతే ఇన్ఫెక్షన్ నేరుగా రక్తంలోకి వెళ్తుంది, ప్రాణానికి ప్రమాదం అని అమ్మకే చెప్పాడు, రెండుసార్లు. ఇన్నాను బాబూ అంది.

అక్టోబరు 27, ఆదివారం

వెళ్ళాను. ఈసారి లోపలికి. అమ్మని కూడా తీసుకెళ్ళాను.

పోలిరాజు అయ్యగారు ముసలాయన అయిపోయారు. చెయ్యి వణుకుతోంది. నేను చేసిందంతా విన్నారు. కసురుకోలేదు. బాప్తిస్మంతో ఆడుకున్నావమ్మా, సంఘం ముందు ఒప్పుకోవాలి అన్నారు. న్యాయమే. పాత విషయం కూడా, భర్త ఇల్లు వదలడం తప్పని అనాలి, అప్పుడే నువ్వు మీ అమ్మ పక్కన నిలబడొచ్చు అన్నారు. గోపి ఆ మైకులో ఎప్పుడైనా ఏమైనా ఒప్పుకున్నాడా అని అడిగాను. అది అయిపోయిన విషయమమ్మా అన్నారు.

పైపు సంగతి చెబితే ఆయనే తటపటాయించారు. పైపు తీశాక చూద్దాం అన్నారు. పైపు తియ్యరు బాబూ, నన్నే తీసేత్తారు అంది అమ్మ. నుదుటి మీద చల్లడం కుదరదా అన్నాను. మన సంఘంలో లేదమ్మా అన్నారు.

నేను లేచి వచ్చేద్దామనుకున్నాను. అమ్మ నా కొంగు పట్టుకుని కూర్చుంది. చివరికి అయ్యగారు వచ్చే ఆదివారం ముంచుతానన్నారు.

నవంబరు 2, శనివారం

రేపు ఆ మాట అనాలి. అద్దం ముందు అని చూశాను. వచ్చింది.

నవంబరు 3, ఆదివారం

అన్నాను. అబద్ధమాడాను, క్షమించండి అన్నప్పుడు గొంతు మామూలుగానే ఉంది. భర్త ఇల్లు వదలడం నా తప్పు అన్నాను. గోపి కీబోర్డు మీద మెట్లు చూసుకుంటున్నాడు. అందరూ స్తోత్రం అన్నారు. ఒంటికి బురద పూసుకున్నట్టు ఉంది.

వేదిక మీద చెక్కలు తీశారు. కింద బాప్తిస్మం తొట్టి. పైపు చుట్టూ నేనే ప్లాస్టర్, కవరు, మళ్ళీ ప్లాస్టర్ వేశాను. నలుగురు ఆడవాళ్ళు అమ్మని మెట్లు దింపారు. నమ్ముతున్నావా అని అయ్యగారు అడిగారు. నమ్ముతన్నాను బాబూ అంది. వెనక బెంచీ దాకా వినబడింది. ముంచి లేపారు. ఏడు నెలల తర్వాత తల తడిసింది. అమ్మ నోటితో నీళ్ళు ఊదుతూ నవ్వింది. ఎన్ని చేతులో అమ్మ మీద. నా చెయ్యి అందలేదు.

తర్వాత బల్ల. అమ్మ రొట్టె ముక్క చాలాసేపు అరచేతిలో పెట్టుకుని చూసి తింది. పళ్ళెం నా దగ్గరికీ వచ్చింది. తీసుకున్నాను.

ఇంటికొచ్చి కవరు విప్పితే లోపల తడి ఉంది.

నవంబరు 5, మంగళవారం

చలి. వణుకు. అమ్మకి జ్వరం నూట మూడు.

నవంబరు 8, శుక్రవారం

ఐసీయూ. అన్నయ్య వచ్చాడు. నువ్వే సంపేసేవు అమ్మని అన్నాడు, అందరి ముందూ. నేను కాదనలేదు. సంఘం ఆడవాళ్ళు పదకొండు మంది వచ్చారు. అన్నయ్య తలుపు దగ్గరికి రానివ్వలేదు. లిఫ్టు పక్కన నిలబడి ప్రార్థన చేశారు. రోజూ వస్తున్నారు.

అప్పాయమ్మ పిన్ని మాత్రం నిన్నటి నుంచీ వరండాలో నేల మీదే కూర్చుని ఉంది. ఎవరూ పిలవలేదు.

నవంబరు 9, శనివారం

అయిదు నిమిషాలు లోపలికి పంపారు. ఎవులెవులొచ్చేరు అంది. పిన్ని పేరు ముందు చెప్పాను. దాన్ని పిలు, నాను దానికి తప్పు సేసేను అంది. పిన్ని లోపలికెళ్ళి అమ్మ తల తుడిచింది. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలీదు.

నేను మళ్ళీ వెళ్ళేసరికి కళ్ళు మూసుకుని ఉంది. ఒక్కదానివి కూకోకు అంది, నాతోనో పిన్నితోనో.

నవంబరు 11, సోమవారం

తెల్లవారుజాము అయిదుంపావు. అమ్మ లేదు.

నవంబరు 12, మంగళవారం

అన్నయ్య దహనం చేశాడు. అయ్యగారు సమాధి చేద్దామని కబురు పంపితే, మా అమ్మ మా అమ్మే అన్నాడు. పిన్ని అమ్మ నుదుట రూపాయంత కుంకుమ పెట్టింది. కుసుమకుమారి అమ్మగారు అది చూసి మొహం తిప్పుకున్నారు. నాకు ఆ బొట్టు చాలా బాగుందనిపించింది. ఈ మాట ఎవరితోనూ అనలేను.

డిసెంబరు 1, ఆదివారం

సంఘానికి వెళ్ళాను. సహోదరి దేముడమ్మ సరైన సమయానికి సంఘంలోకి వచ్చింది, అందుకే రక్షణ పొందింది అని అయ్యగారు మైకులో చెప్పారు. ఎనిమిది రోజులు ఉంది సంఘంలో. తొమ్మిదో రోజున చచ్చిపోయింది. నా పక్కన బియ్యం ఏరుకుంటూ విన్న నాలుగేళ్ళు ఎక్కడికి పోయాయో ఎవరూ చెప్పలేదు.

అందరూ ఆమేన్ అన్నారు. నేనూ అన్నాను.

ఇంటికొచ్చి నోరు కడుక్కున్నాను.